గడ్డిబొమ్మయు మన పాపమును



హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల నుండి చదువులకై జర్మనీ వెళ్లు మన బిడ్డలు, లెంతు దినములకు ముందు అచ్చట జరుగు కార్నివాల్ పండుగను చూచుచుందురు. కొలోను పట్టణములో 1823 నుండి కమిటీ ఏర్పరచి దీనిని జరుపుచున్నారు. సోమవారము వేషములతో ఊరేగింపు. బండ్ల మీదనుండి మిఠాయిలు చల్లుదురు. మంగళవారము రాత్రి ‘నుబ్బెల్’ అను గడ్డిబొమ్మపై పండుగలో చేసిన తప్పులన్నియు మోపి, దానిని కాల్చివేయుదురు. మరునాడు భస్మ బుధవారము.

వారికి అది వేడుక. మన యిండ్లలో గడ్డిబొమ్మలు లేవా? త్రాగినవాడు స్నేహితునిపై నేరము మోపును. అత్త కోడలిపై, కోడలు అత్తపై మోపుదురు. ఆదాము హవ్వను చూపెను, హవ్వ సర్పమును చూపెను (ఆది. 3). దావీదు ఎవరిని చూపక తన పాపమును తానే ఒప్పుకొనెను (కీర్తన 51). ఈ 40 దినములలో నీవు ఎవరిని చూపుచున్నావు?