తాళంచెవి కూడా అమానతే

మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ము మా దగ్గర అమానతు. ఒకప్పుడు దానికి ఇనప్పెట్టె కాపలా. ఇప్పుడు పాస్‌వర్డే కాపలా. బ్యాంకు ఖాతా, ఈమెయిల్, సాయం పొందే వితంతువుల ఆధార్ నకళ్లు అన్నీ దాని వెనుకే ఉన్నాయి. ఎవరైనా సంస్థ వాట్సాప్‌ను చేజిక్కించుకుని, రంజాన్ చివరి పది రోజుల్లో మీకో క్యూఆర్ కోడ్ పంపితే మీరు అనుమానించరు, మేమే పంపామనుకుంటారు. మీ ఫోన్ దొంగ చేతికి చిక్కితే మీ బంధువులకూ అలాంటిదే వెళ్తుంది.

మనవాళ్లకు 786 అంటే ఇష్టం. బండి నంబరుకు కోరి తీసుకున్నట్టే పాస్‌వర్డ్ చివరా తగిలిస్తారు. అభిమానం మంచిదే, కానీ ఆ సంగతి దొంగకూ తెలుసు. మన పేరు చూడగానే ముందు అదే కొట్టి చూస్తాడు. పెద్దబ్బాయి పేరు, పుట్టిన సంవత్సరం కూడా అంతే.

బలం పొడవులో ఉంది. ఎనిమిది చిన్న ఇంగ్లిషు అక్షరాలతో 20,000 కోట్లకు పైగా కూర్పులు వస్తాయి. చాలా పెద్ద సంఖ్యే అనిపిస్తుంది గానీ, పాస్‌వర్డ్‌ల జాబితా లీకైతే కంప్యూటరుకు అదొక లెక్క కాదు. 12 అక్షరాలు చేస్తే ఆ పని 4,56,976 రెట్లు పెరుగుతుంది. అందుకని ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి: చింతగింజ, లారీ, మేనత్త, గొడుగు. (ఇది అచ్చయింది కనుక దీన్ని వాడకండి.) నెలనెలా మార్చాల్సిన పని లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఆ పాత సలహాను 2017లో వదిలేసింది. మార్చమంటే జనం చివరి అంకె ఒక్కటి మార్చి ఊరుకుంటారు మరి! కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నా తప్పు లేదు. ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడటమే తప్పు. ముఖ్యంగా ఈమెయిల్‌కు వేరేది ఉండాలి, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకునే దారి అదే.

శంషాబాద్ నుంచి జెద్దా, దుబాయ్ విమానాలెక్కే మన పిల్లలను ఎయిర్‌పోర్టు వైఫై గురించి అందరూ భయపెడతారు. మాకు అంతకంటే పెద్ద భయం వాళ్ల ఇండియా సిమ్. అక్కడికి వెళ్లాక రీచార్జి మానేస్తారు. కొన్నాళ్లకు నంబరు రద్దయి, ఆ తరువాత కంపెనీ దాన్ని మరొకరికి ఇవ్వవచ్చు. ఇక ఓటీపీలు ఆ కొత్త మనిషికే వెళ్తాయి! సిమ్‌ను బతికించుకోండి. లేదా బయలుదేరే ముందే బ్యాంకులో, ఈమెయిల్‌లో నంబరు మార్పించుకోండి. వాట్సాప్ సెట్టింగుల్లో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుంటే ఆరంకెల పిన్ అడుగుతుంది, ఓటీపీ ఒక్కటే దొరికితే దొంగకు చాలదు. ఆ పిన్ మాత్రం 786786 కాకూడదు.

హజ్ దరఖాస్తు నెట్ సెంటర్‌లో నింపించే పెద్దలకు ఒక మాట. అక్కడి కుర్రాడు మంచివాడే కావచ్చు, కానీ పాస్‌వర్డ్ పెట్టింది అతనే, మీ పాస్‌పోర్టు వివరాలు దాని వెనుక ఉన్నాయి. ఇంటికొచ్చాక పిల్లల చేత మార్పించండి.

సంస్థ పేరుతో కొత్త ఖాతా నంబరు గానీ, క్యూఆర్ గానీ వస్తే, రసీదు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగాకే పంపండి. రాత్రయినా పరవాలేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. సొమ్ము దొంగ ఖాతాలోంచి దాటిపోకముందు చెబితేనే ఆపే వీలుంటుంది.