బస్సుకో ప్రత్యేక దారి: ఎవరి ఖాతాలో జమ, ఎవరి ఖాతాలో ఖర్చు?



విద్యార్థి వేతనం కాలేజీ ఫీజు కడుతుంది, పుస్తకాలు కొంటుంది. కానీ ఇంటి గుమ్మం నుంచి కాలేజీ గేటు దాకా పట్టే సమయాన్ని మాత్రం విద్యార్థే తన చదువు గంటల్లోంచి, నిద్రలోంచి కట్టుకోవాలి. మంచి కాలేజీలో సీటు వచ్చినా, "రోజూ అంత దూరం ఎలా వెళ్ళి వస్తుంది?" అని ఆడపిల్లను దగ్గరలో ఉన్న కాలేజీలోనే చేర్చే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. కనుక ఊళ్ళో బస్సు ఎలా నడుస్తుందన్నది చదువుకు సంబంధించిన విషయమే. పోటీ పరీక్షలలో, వ్యాస రచనలలో తరచుగా కనబడే బి.ఆర్.టి.ఎస్. గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. జీవితమంతా బ్యాంకులో పద్దులు రాసినవాణ్ణి కనుక, దీన్ని కూడా జమాఖర్చుల పద్ధతిలోనే చెబుతాను.

1. బి.ఆర్.టి.ఎస్. అంటే ఏమిటి?

బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్ అనే మాటకు పొడి అక్షరాలే బి.ఆర్.టి.ఎస్. కొత్త బస్సులు కొనగానే బి.ఆర్.టి.ఎస్. అయిపోదు. దానికి ముఖ్యంగా ఐదు లక్షణాలు ఉండాలి. మొదటిది, ఇతర వాహనాలు రాకుండా బస్సులకు విడిగా దారి. రెండవది, బస్సు ఎక్కకముందే స్టేషనులో టికెట్టు. మూడవది, మెట్లెక్కే పని లేకుండా ప్లాట్‌ఫారమూ బస్సు నేలా ఒకే ఎత్తులో ఉండటం. నాలుగవది, కూడళ్ళలో బస్సు ఎక్కువసేపు ఆగకుండా సిగ్నల్ ఏర్పాటు. ఐదవది, వెంటవెంటనే బస్సులు.

ఈ ఆలోచనకు పేరు తెచ్చిన ఊరు బ్రెజిల్ దేశంలోని కురితీబా. ఆర్కిటెక్టుగా శిక్షణ పొందిన జైమె లెర్నర్ మేయరుగా ఉండగా, 1974లో అక్కడ బస్సులకు ప్రత్యేక మార్గాలు మొదలయ్యాయి. గొట్టం ఆకారంలో ఉండే అక్కడి స్టేషన్లు 1991లో వచ్చాయి. మెట్రో రైలు కట్టే ఖర్చులో చిన్న భాగంతోనే ఆ ఊరు పని జరుపుకుంది. ఆ తరువాత కొలంబియా రాజధాని బొగోటాలో 2000 డిసెంబరులో ట్రాన్స్‌మిలేనియో ప్రారంభమైంది. రద్దీ వేళలో గంటకు ఒకే దిశలో 40,000 మందికి పైగా ప్రయాణికులను మోయగలదని అది నిరూపించింది. అంతవరకు అది రైలు చేసే పని అనే అందరూ అనుకునేవారు. అయితే 2012లో విపరీతమైన రద్దీ మీద అక్కడి ప్రయాణికులే రోడ్డెక్కి నిరసన తెలిపారు. అంటే ఒకసారి విజయవంతమైనంత మాత్రాన సరిపోదు, పెరిగే జనానికి తగ్గట్టు బస్సులూ పెరుగుతూ ఉండాలి.

2. మొదటి లెక్క: బండ్లను కాదు, మనుషులను లెక్కించాలి

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే. ఒక రోడ్డు వరుసలో గంటకు 700 కార్లు వెళ్తాయనీ, కారుకు సగటున ఒకటిన్నర మంది ఉంటారనీ అనుకుందాం. మొత్తం 1,050 మంది. అదే వరుసను బస్సులకు ఇచ్చి, నిమిషానికొక బస్సు, బస్సుకు 60 మంది చొప్పున నడిపితే 3,600 మంది. అంటే మూడు రెట్లకు పైగా.

అయితే పది నిమిషాలకొక బస్సు నడిపితే ఏమవుతుంది? గంటకు ఆరు బస్సులు, 360 మంది. కార్ల వరుస కంటే తక్కువ! పక్కన కార్లూ స్కూటర్లూ కిక్కిరిసి నిలబడి ఉంటే, బస్సు దారి ఖాళీగా కనబడుతుంది. జనానికి కోపం రావడం సహజం. 1,050ని 60తో భాగిస్తే పదిహేడున్నర వస్తుంది. కనుక గంటకు కనీసం 18 నిండు బస్సులు, అంటే సుమారు మూడున్నర నిమిషాలకొకటి నడిస్తేనే ఆ దారికి న్యాయం జరిగినట్టు. కామర్సు విద్యార్థులు దీన్ని బ్రేక్ ఈవెన్ పాయింటుగా గుర్తుపట్టే ఉంటారు. దారి కట్టడం పెట్టుబడి, బస్సులు నడపడం వ్యాపారం. పెట్టుబడి పెట్టి వ్యాపారం చేయకపోతే నష్టం తప్పదు.

3. రెండవ లెక్క: గుమ్మం నుంచి గుమ్మం దాకా

బస్సు వేగం పెరిగిందని పత్రికలో చదువుతాం. విద్యార్థికి కావలసింది మాత్రం మొత్తం ప్రయాణ సమయం. పాత సిటీ బస్సులో ఒక అమ్మాయి స్టాపుకు నడవడానికి 5 నిమిషాలు, ఎదురుచూపు 15, ప్రయాణం 50, దిగాక నడక 5, మొత్తం 75 నిమిషాలు అనుకుందాం. బి.ఆర్.టి.ఎస్. వచ్చాక స్టేషన్లు దూరం దూరంగా ఉంటాయి కనుక నడక 12, ఎదురుచూపు 4, ప్రయాణం 32, దిగాక నడక 7, మొత్తం 55 నిమిషాలు. ఒక పూటకు 20 నిమిషాలు ఆదా. రానూ పోనూ 40 నిమిషాలు. ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే 8,800 నిమిషాలు, అంటే 146 గంటల 40 నిమిషాలు. ఒక పరీక్షకు పూర్తిగా చదువుకునేంత సమయం!

ఇప్పుడు అదే అమ్మాయి ఇల్లు స్టేషనుకు దూరంగా ఉందనుకోండి. ముందు ఒక చిన్న బస్సు ఎక్కాలి. నడక 5, ఆ బస్సుకు ఎదురుచూపు 15, అందులో ప్రయాణం 10, స్టేషనులో ఎదురుచూపు 4, ప్రయాణం 32, నడక 7, మొత్తం 73 నిమిషాలు. ఆదా రెండు నిమిషాలే. పైగా రెండు టికెట్లు. ప్రధాన మార్గం ఎంత గొప్పగా ఉన్నా, దానికి జనాన్ని చేర్చే ఫీడరు బస్సులు లేకపోతే లాభం ఆ రోడ్డు పక్కన ఉన్నవారికే పరిమితమవుతుంది.

4. మన దేశంలో ఏం జరిగింది?

2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం కింద పలు నగరాలు బి.ఆర్.టి.ఎస్.కు నిధులు పొందాయి. పుణేలో 2006 డిసెంబరులోనే స్వార్‌గేట్, కాత్రజ్, హడప్‌సర్‌లను కలుపుతూ ప్రయోగాత్మక మార్గం మొదలైంది. మెరుగైన స్టేషన్లతో రెయిన్‌బో పేరిట కొత్త మార్గాలు అక్కడ 2015లో వచ్చాయి.

ఢిల్లీ: 2008 ఏప్రిల్‌లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కి.మీ. మార్గం తెరిచారు. బస్సులకు దారి దొరికింది, కార్లకు మిగిలిన జాగా తగ్గింది. కూడళ్ళలో సిగ్నళ్ళు పొడవయ్యాయి. కారు యజమానులు తమ నష్టాన్ని గట్టిగా చెప్పగలిగారు. బస్సులో నిలబడి వెళ్ళేవారి లాభం మాత్రం అంతగా వినబడలేదు. విషయం కోర్టుకు వెళ్ళింది. 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు పిటిషన్ను కొట్టివేసి, మార్గాన్ని కొనసాగనిచ్చింది. అయినా 2015లో దాన్ని తీసివేయాలని ప్రభుత్వం నిర్ణయించింది, 2016 జనవరిలో కూల్చివేత మొదలైంది. ఆరు కి.మీ. కూడా లేని ముక్క మార్గం కావడం దాని పెద్ద బలహీనత. అది దాటగానే బస్సు మళ్ళీ మామూలు రద్దీలోనే పడేది.

అహ్మదాబాద్: 2009 అక్టోబరులో జన్‌మార్గ్ పేరిట 12.5 కి.మీ.తో ప్రారంభించి, క్రమంగా విస్తరించారు. రోడ్డు మధ్యలో మూసి ఉన్న దారి, ఎత్తయిన ప్లాట్‌ఫారాలు, స్టేషనులోనే టికెట్టు అన్నీ సక్రమంగా అమర్చారు. ముసలివారూ, చంటిపిల్లలతో ఉన్న తల్లులూ మెట్లెక్కకుండానే బస్సులోకి వెళ్ళగలిగారు. రద్దీ స్థలాలను కలపాలి కాని రద్దీ రోడ్లను తప్పించాలి అన్నది వారి సూత్రం. దానివల్ల పని త్వరగా జరిగింది. కాని అదే ఊరిలోని సెప్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో కోణం చూపించారు. నడిచీ సైకిలు మీదా తిరిగే పేదలలో చాలామందికి ఆ ఛార్జీ భారమైంది, స్టేషను చేరడం కష్టమైంది. వ్యవస్థ బాగున్నా, అత్యంత అవసరం ఉన్నవారు అందులో తక్కువగా కనబడ్డారు.

హుబ్బళ్ళి–ధార్వాడ: కర్ణాటకలోని మనవారికి ఇది సుపరిచితం. హుబ్బళ్ళి వ్యాపారానికీ రైల్వేకీ కేంద్రం, ధార్వాడ విద్యకు పేరు పొందిన ఊరు. మధ్య దూరం సుమారు 20 కి.మీ. రోజూ వేలమంది విద్యార్థులు, ఉద్యోగులు అటూ ఇటూ తిరుగుతారు. 2018 అక్టోబరులో ఇక్కడ బి.ఆర్.టి.ఎస్. బస్సులు ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. 2020 ఫిబ్రవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి శ్రీ ఎం. వెంకయ్య నాయుడు గారు లాంఛనంగా ప్రారంభించారు. ఈ ఏ.సి. బస్సులకు చిగరి అని పేరు. కన్నడంలో చిగరి అంటే జింక. పేరుకు తగ్గట్టే ఎక్స్‌ప్రెస్ బస్సు కొద్ది స్టేషన్లలోనే ఆగి వేగంగా పోతుంది.

ఇక్కడ ఒక చిక్కు గమనించండి. 2023 జూన్‌లో కర్ణాటకలో శక్తి పథకం కింద స్త్రీలకు సాధారణ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది. ఏ.సి. బస్సులకు ఆ పథకం వర్తించదు. కనుక ఒక విద్యార్థిని ముందు రెండు దారులు: డబ్బు పెట్టి సమయం మిగుల్చుకోవడం, లేదా సమయం పెట్టి డబ్బు మిగుల్చుకోవడం. ఇద్దరు పిల్లలు చదువుకునే ఇంట్లో ఈ నిర్ణయం అంత సులభం కాదు. వేగంతో పాటు ఛార్జీ కూడా సామాజిక న్యాయంలో భాగమే అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

దారి మిగిలి బస్సు మిగలని ఊళ్ళు కూడా ఉన్నాయి. విజయవాడలో బి.ఆర్.టి.ఎస్. రోడ్డు అన్న పేరు జనం నోట స్థిరపడింది కాని, అనుకున్నట్టుగా బస్సుల వ్యవస్థ నిలదొక్కుకోలేదు. భోపాల్‌లో 2013లో మొదలైన మార్గాన్ని 2024లో తొలగించడం ప్రారంభించారు. ఇందోర్‌లో అదే 2013లో మొదలైన మార్గాన్ని తొలగించడానికి 2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది.

5. సామాజిక జమాఖర్చు

జమ వైపు: మొత్తం ప్రయాణ సమయం తగ్గడం, బస్సు ఎప్పుడొస్తుందో నమ్మకం, వెలుతురున్న స్టేషనులో నిలబడే ఆడపిల్లలకు కొంత భద్రత, వృద్ధులకూ వికలాంగులకూ ఎక్కడం సులువు, ఇంధనం ఆదా, దూరంగా ఉన్న కాలేజీ, ఆసుపత్రి, ఉద్యోగం అందుబాటులోకి రావడం.

ఖర్చు వైపు: రోడ్డు వెడల్పు కోసం పోయే చెట్లు, దుకాణాలు, ఇళ్ళు, పని సాగినన్నాళ్ళు దెబ్బతినే చిరు వ్యాపారం, ఆటోవారి బేరాలు తగ్గడం, రోడ్డు మధ్యలో ఉన్న స్టేషనుకు చేరడానికి వాహనాల మధ్య దాటవలసిన ప్రమాదం, మార్గం పక్కన అద్దెలు పెరిగి పేదవారు దూరంగా జరగవలసి రావడం.

చూడండి, జమ పడేవారూ ఖర్చు భరించేవారూ ఒకరే కాకపోవచ్చు. మొత్తం మీద లాభం వచ్చినా, దుకాణం పోయినవాడి ఖాతాలో నష్టమే ఉంటుంది. కనుక వ్యాసం రాసేటప్పుడు "బి.ఆర్.టి.ఎస్. మంచిదా, చెడ్డదా?" అని ఒక్క మాటలో తేల్చకండి. ఎవరికి ఎన్ని నిమిషాలు మిగిలాయి, ఎవరికి ఎంత ఖర్చయింది, నష్టపోయినవారికి ఏం చేశారు అని మూడు ప్రశ్నలు వేయండి. మెట్రో అయినా, ఫ్లైఓవరు అయినా ఈ మూడు ప్రశ్నలూ పనికివస్తాయి.

6. అభ్యాసం

(అ) మీ ఇంటి నుంచి కాలేజీకి పట్టే సమయాన్ని నడక, ఎదురుచూపు, ప్రయాణం, మళ్ళీ నడక అని నాలుగు పద్దులుగా ఒక వారం రాయండి. ఎక్కువ సమయం ఏ పద్దులో పోతోంది?

(ఆ) మీ ఊరి ప్రధాన రోడ్డు పక్కన క్షేమంగా నిలబడి పావుగంట సేపు బండ్లను, వాటిలోని మనుషులను విడివిడిగా లెక్కించండి. రెండు పట్టికలనూ పోల్చండి.

(ఇ) మీ ఇంట్లోని పెద్దవారు ఎవరైనా బస్సు ఎక్కడానికి ఎందుకు ఇబ్బంది పడుతున్నారో అడిగి, ఐదు వాక్యాలు రాయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఏ కాలేజీలో చేరాలో నిర్ణయించే ముందు వారితో కలిసి ఒక రోజు ఆ బస్సులో వెళ్ళి రండి. దూరాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాలలో కొలవండి. మ్యాపులో దూరమనిపించిన కాలేజీ మంచి బస్సు ఉంటే దగ్గర కావచ్చు. బస్సే లేకపోతే, నలుగురూ కలిసి రవాణా సంస్థ అధికారులకు అర్జీ పెట్టండి. పైన చెప్పిన పట్టికలు ఆ అర్జీకి జతచేస్తే, మీ మాటకు అంకెల బలం తోడవుతుంది.