చెరకు తోటలలో సంఘము పలికిన భాష

క్రైస్తవ సంఘము తన చుట్టునున్న జనుల సంస్కృతితో ఎట్లు మెలగవలెనను ప్రశ్న వచ్చినప్పుడు పాట, వేషము, ఆలయపు కట్టడము ముందుగా తలపునకు వచ్చును. ఆస్ట్రేలియాలో స్థిరపడిన గిర్మిట్ సంతతివారు ఈ విచారణను కూలీ లైన్లనుండి ఆరంభించుట యుక్తము. వారి పెద్దలకు సంఘము ఎదురైనది అక్కడనే.

1879 మే 14న లియోనిడాస్ అను ఓడ మొదటి కూలీలతో ఫిజీ చేరెను. 1916 వరకు 60,000కు మించిన భారతీయులు ఒడంబడికపై అక్కడికి వెళ్లిరి. 1903 మొదలు మద్రాసు రేవునుండియు ఓడలు బయలుదేరగా తెలుగువారును వారిలో చేరిరి. తోటలలో అధికభాగము కొలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ యధీనమున ఉండెను. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయము సిడ్నీ. మెథడిస్టు మిషను కార్యాలయమును సిడ్నీయే. కూలీలు కులంబరని పిలిచిన ఓవర్సీరును, వారికి సువార్త చెప్పవచ్చిన మిషనరీయు ఒకే దేశపు మనుష్యులు. ఈ సంగతిని మరచి ఆ కాలపు మిషను చరిత్ర చదువరాదు.

1897లో హన్నా డడ్లీ అను ఆస్ట్రేలియా స్త్రీ సువా చేరెను. ఆమె అంతకుముందు భారతదేశమున పనిచేసి హిందూస్తానీ నేర్చినది. ఇంటి వరండాలో పిల్లలకు చదువు చెప్పెను. దిక్కులేని పిల్లలను చేరదీసెను. జనులు ఆమెను ‘హమారీ మా’ అనిరి. సువాలో ఆమె పేరిట ఉన్నత పాఠశాల గలదు. బాప్తిస్మము పొందినవారు స్వల్పమే యైనను, ఆ చదువు మతభేదము లేక అనేక గృహములకు చేరెను.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. మిషను పని ప్రధానముగా హిందూస్తానీలో సాగెను. తెలుగు కుటుంబమునకు అదియు పరభాషయే. తోటలో ఉత్తరాదివారు హెచ్చు. సర్దారు మాట, అంగడి మాట, బడి మాట హిందీయే అయ్యెను. సంఘము జనుల భాష నేర్చినదనుట నిజమే, కాని ఏ జనుల భాష? పెద్ద గుంపు సంస్కృతిని స్వీకరించునప్పుడు చిన్న గుంపు నోరు మూతపడుట ఎవరికిని కనబడదు.

అదే కాలమున ఆంధ్రదేశమున వేరొక రీతి నడిచెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగులో రచించిన కీర్తనలు రాగతాళములతో సంఘములందు పాడబడెను. 1912లో బిషప్పు అయిన అజరయ్య కాలమున దోర్నకల్‌లో నిర్మింపబడి 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయమున గుమ్మటములును, హిందూ దేవళముల పోలిక గల స్తంభములును కలిసియున్నవి. ఇది గొప్ప ప్రయత్నమే. అయితే పల్లె క్రైస్తవులలో అత్యధికులు మాల మాదిగ కులములవారు. శాస్త్రీయ రాగము వారి పెద్దలకు ఎవరును నేర్పిన విద్య కాదు; వారి చేతనుండినది డప్పు. అక్కడను ‘ఎవరి సంస్కృతి?’ అను ప్రశ్న మిగిలియే యున్నది.

సంఘము ఇతరుల సంస్కృతిని నేర్చుటకంటె స్వంత సమాజమును ప్రశ్నించుట కష్టము. 1910లో మిషనరీ జె. డబ్ల్యు. బర్టన్ తన గ్రంథమున కూలీల దుస్థితిని బయటపెట్టెను. సి. ఎఫ్. ఆండ్రూస్ 1915లోను 1917లోను ఫిజీకి వెళ్లి విచారించెను. 1918లో ఆస్ట్రేలియా స్త్రీసమాజములు భారతదేశమున మిషనరీగా పనిచేసిన ఫ్లారెన్స్ గార్నమ్‌ను పంపెను. 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు పురుషులు, లేదా ఒక కుటుంబము. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు. లైన్లలోని బ్రతుకు అట్టిది. ఆమె దానిని చూచి వ్రాసిన నివేదిక సిడ్నీలోనే అచ్చయ్యెను. చక్కెర లాభము చేరు నగరమునకే ఆ సంగతియు చేరెను. 1920 జనవరి 1న మిగిలిన ఒడంబడికలన్నియు రద్దయ్యెను.

సంఘము అధికారుల సంస్కృతితో ఏకమైన దినములును గలవు. లియోనిడాస్ చేరిన 108 ఏండ్లకు, 1987 మే 14న, ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగెను. ఆ యేడే ఆదివారమున పనిని, ఆటలను నిషేధించు శాసనము వచ్చెను. హిందువునకును ముసల్మానునకును అది వర్తించెను. మెథడిస్టు నాయకులు కొందరు దానిని గట్టిగా సమర్థించిరి. ఆ పిమ్మట వేలమంది భారతీయులు ఆస్ట్రేలియాకు వలస వచ్చిరి.

ఇక్కడ 1977లో ఏర్పడిన యునైటింగ్ చర్చి 1985లో తాను బహుసంస్కృతుల సంఘమని ప్రకటించెను. ప్రకటన మంచిదే, మందిరమును గంటసేపు వాడుకొననిచ్చుట ఒకటి, సంఘపు నిర్ణయములలో పాలిచ్చుట మరియొకటి.

ఆంధ్ర, తెలంగాణములనుండి నేరుగా వచ్చిన క్రైస్తవులు ఆస్ట్రేలియా నగరములలో తెలుగు ఆరాధనలు జరుపుచున్నారు. గిర్మిట్ సంతతివారికి ఫిజీ హిందీయు ఆంగ్లమును అలవాటు. ఈ ఇరువురు ఒకే ఆరాధనలో కూర్చుండినచో ఏ భాషలో పాడవలెను? లిపి రాని మనుమనికి కీర్తనను ఆంగ్లాక్షరములలో వ్రాసి యిచ్చుట కొందరికి చిన్నతనముగ తోచవచ్చును. హిందూస్తానీలో ప్రార్థన నేర్చిన అతని ముత్తాతకు ఆ కాగితమైనను దొరకలేదు.