సదస్సుకు పిలిచేటప్పుడు ఏం అడగాలి?

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ప్రాంతీయ సదస్సు పెడుతున్నారు, పట్టణ బస్తీల్లో పనిచేసిన అధ్యాపకులను పిలిచే బాధ్యత మీకు అప్పగించారు. ‘మీ కాలేజీ చేసిన సేవా కార్యక్రమాల గురించి చెప్పండి’ అని ఒక్క ముక్కలో సర్క్యులర్ పంపితే, వచ్చేవి బ్యానర్ల ఫొటోలు, హాజరు పట్టికలే. తప్పు లెక్చరర్లది కాదు. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం జరపాలి, అదంతా న్యాక్ మూడో క్రైటీరియన్ కింద ఫైలుకెక్కాలి. అందరూ అడిగేది లెక్కలే కాబట్టి వాళ్లూ లెక్కలే రాస్తారు.

మీరు వేరే ప్రశ్నలు అడగండి. ఏ బస్తీకి, ఏ వేళకు వెళ్లారు? అక్కడివాళ్లు ఏం వద్దన్నారు? ఆ తర్వాత మీరేం మార్చుకున్నారు?

వేళ చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ చాలా కార్యక్రమాలు అక్కడే దెబ్బతింటాయి. కరీంనగర్ గల్లీల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు చదువు చెప్పాలనుకుందాం. ఒళ్లో చాట, అందులో తునికాకు, తంబాకు. కూలీ వెయ్యి బీడీల లెక్కన. చెయ్యి ఆగితే కూలీ ఆగినట్టే. చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పే వేళకు క్లాసు పెడితే ఎవరొస్తారు? వాళ్లను అడిగి వేళ మార్చుకున్న లెక్చరర్ పది నిమిషాలు మాట్లాడినా చాలు, ఇంకో కాలేజీ మర్నాటి నుంచే వాడుకోవచ్చు.

ఆదిలాబాద్‌లోనైతే భాష గురించి తప్పక అడగాలి. తెలుగుతో పాటు మరాఠీ, ఉర్దూ, గోండి వినిపించే ఊరది. ఇంట్లో గోండి మాట్లాడే విద్యార్థి ముందుండి ఇల్లిల్లూ తిప్పాడని తెలిస్తే, అతన్నీ వేదిక మీదికి రమ్మనండి.

పిలుపు ఎవరికి చేరుతుందో కూడా చూసుకోండి. కరీంనగర్ కాలేజీలు 2008లో ఏర్పడ్డ శాతవాహన విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి, ఆదిలాబాద్‌వి కాకతీయ కింద. ఒక్క చోటి నుంచే సర్క్యులర్ వెళ్తే రెండో జిల్లాకు కబురే అందదు. రెండింటికీ రాయండి. బస్తీలో ప్రతి గడపా తెలిసిన మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్లను, అంగన్‌వాడీ టీచర్లను కూడా పిలవండి. వాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకోవద్దు, బస్సు ఛార్జీలివ్వండి, ఆన్‌డ్యూటీ కోసం పై అధికారికి ముందుగానే లెటర్ పంపండి. సదస్సు కరీంనగర్‌లో అయితే ఆదిలాబాద్ వాళ్లను పొద్దున మొదటి సెషన్‌లో వేయకండి.