పరీక్ష అయ్యాక ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?

పాఠం

పిల్లలూ! జార్జియా రాష్ట్రంలో కమ్మింగ్ అనే ఊరుంది. ఫోర్‌సైత్ కౌంటీకి అదే ముఖ్య పట్టణం. అక్కడా, ఆ చుట్టుపక్కలా తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు. ఊరికి దగ్గరలోనే లేక్ లేనియర్ అనే పెద్ద సరస్సు ఉంది. చట్టహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టడం వల్ల 1950లలో ఈ సరస్సు ఏర్పడింది. కమ్మింగ్‌లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు ఈ సరస్సు నుంచే వస్తాయి. దిగువన ఉన్న అట్లాంటా ప్రాంతం కూడా ఈ నీళ్ళ మీదే ఆధారపడింది.

మరి సరస్సు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్ళలో ఫాస్ఫేట్ ఎంత ఉందో చూడటం ఒక పద్ధతి. లాన్‌లకు వేసే ఎరువులు వానకు కొట్టుకుపోయి వాగుల్లో కలుస్తాయి. అప్పుడు నీళ్ళలో ఫాస్ఫేట్ పెరిగి నాచు విపరీతంగా పెరుగుతుంది. ఆ నాచు చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గిపోతుంది. చేపలకు ఊపిరాడదు.

ఫాస్ఫేట్‌ను కొలవడంలో ఒక తెలుగు శాస్త్రవేత్త పేరు ప్రపంచమంతా తెలుసు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసి, రంగును బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. దాన్ని ‘ఫిస్క్-సుబ్బారావు పద్ధతి’ అంటారు. ఆమ్లం, మాలిబ్డేట్ అనే రసాయనం, మరో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదురైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఆయన రక్తం, మూత్రం పరీక్షల కోసం దీన్ని తయారుచేశారు. నీళ్ళను పరీక్షించడానికి ఈనాడు వాడే పద్ధతుల్లోనూ ఇదే నీలం రంగు కనిపిస్తుంది.

సంభాషణ

తాతయ్య: ఏమ్మా బంగారం, ఇన్ని సీసాలేంటి?

మనవరాలు: సైన్స్ ఫెయిర్ ప్రాజెక్ట్ తాతయ్యా! లేక్ నీళ్ళలో ఫాస్ఫేట్ ఎంతుందో చూస్తాం. సరస్సును కాపాడాలి కదా!

తాతయ్య: భేష్! మరి పరీక్ష అయ్యాక ఆ నీలం నీళ్ళు ఏం చేస్తారు?

మనవరాలు: సింక్‌లో పోసేస్తాం.

తాతయ్య: అవి ఎక్కడికి పోతాయి?

మనవరాలు: మురుగునీటిని శుద్ధి చేసే చోటికి... అక్కడి నుంచి ఏ వాగులోకో, నదిలోకో... అయ్యో!

తాతయ్య: చూశావా! చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ముందే ఆలోచించుకోవాలి.

మనవరాలు: అయితే ప్రాజెక్ట్ మానెయ్యాలా తాతయ్యా?

తాతయ్య: మానెయ్యక్కర్లేదురా. ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి అమ్మ గిన్నెడు పులుసు తాగుతుందా? చుక్క అరచేతిలో వేసుకుని చూస్తుంది. మీరూ అలాగే చెయ్యండి.

మనవరాలు: సరే, రేపే మా టీచర్‌ని అడుగుతా!

తెలుసుకుందాం

తాతయ్య చెప్పిన మాట శాస్త్రవేత్తలు కూడా చెప్పారు. పాల్ అనస్టస్, జాన్ వార్నర్ 1998లో ‘గ్రీన్ కెమిస్ట్రీ’కి 12 సూత్రాలు రాశారు. అందులో మొదటిది: వ్యర్థాలు పుట్టాక శుభ్రం చేయడం కంటే అసలు పుట్టకుండా చూడటం మేలు.

లెక్క వేసి చూద్దాం. క్లాసులో 30 మంది ఉన్నారు. ఒక్కొక్కరు 25 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు పరీక్ష చేస్తే 2,250 మిల్లీలీటర్ల వ్యర్థం వస్తుంది. అంటే రెండుంపావు లీటర్లు! 5 మిల్లీలీటర్లతోనే చేస్తే 450 మిల్లీలీటర్లు చాలు. అయినా రంగు కనిపిస్తుంది, పాఠమూ అర్థమవుతుంది.

శుద్ధి కేంద్రం ఉంది కదా అనుకుంటే సరిపోదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటి మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్ళలో కూడా మందుల అవశేషాలు చాలా ఎక్కువగా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. స్కూల్ ల్యాబ్ ఫ్యాక్టరీ అంత పెద్దది కాదు. కానీ సింక్‌లో పోసినదంతా మాయమైపోదన్న సంగతి రెండు చోట్లా ఒకటే.

పెద్ద ల్యాబ్‌లలో ప్లాస్టిక్, కరెంటు ఖర్చు కూడా ఎక్కువే. పరిశోధనశాలల నుంచి ఏడాదికి సుమారు 55 లక్షల టన్నుల ప్లాస్టిక్ చెత్త వస్తుందని ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2015లో అంచనా వేశారు. మైనస్ 80 డిగ్రీల పాత ఫ్రీజర్ ఒకటి రోజుకు సుమారు 20 యూనిట్ల కరెంటు తాగుతుంది. అమెరికాలో ఒక ఇల్లంతా వాడేది సగటున 29 యూనిట్లే! అందుకే చాలా ల్యాబ్‌లు ఇప్పుడు మైనస్ 70 దగ్గర పెడుతున్నాయి. దాంతో సుమారు 30 శాతం కరెంటు మిగులుతుంది.

మనం ఏం చేయవచ్చు?

1. ముందు కాగితం మీద ప్లాన్ వేసుకోండి. ఎన్ని నమూనాలు, ఎన్ని చుక్కలు, ఎన్ని గొట్టాలు కావాలో రాసుకోండి.

2. ఒక్కో నమూనాను మూడుసార్లు పరీక్షించడం మానకండి. పరిమాణం తగ్గించండి, జాగ్రత్త తగ్గించకండి. ఫలితం నమ్మలేకపోతే వాడినదంతా వృథాయే.

3. గాజు గొట్టాలు కడిగి మళ్ళీ వాడండి. కానీ ఫాస్ఫేట్ ఉన్న సబ్బుతో కడగకండి. సబ్బులోని ఫాస్ఫేట్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది!

4. వాడిన రసాయనాలను పేరు, తేదీ రాసిన సీసాలో పోసి టీచర్‌కి ఇవ్వండి. టీచర్ చెప్పకుండా సింక్‌లో పోయవద్దు.

5. కళ్ళద్దాలు, గ్లవ్స్ మానెయ్యడం పొదుపు కాదు. అవి తప్పనిసరి.

కొత్త పదాలు

సరస్సు = పెద్ద చెరువు
దిగువన = నది పారే వైపు, కింద
నాచు = నీళ్ళలో పెరిగే పచ్చని పదార్థం
నమూనా = పరీక్ష కోసం తీసుకున్న కొంచెం భాగం
వ్యర్థం = వాడాక మిగిలి పనికిరానిది
అవశేషాలు = మిగిలిపోయినవి
పొదుపు = వృథా చేయకుండా వాడటం

సామెత

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు: వేడి గిన్నె దింపేటప్పుడు చేతులు కాలకుండా ఆకులు అడ్డం పెట్టుకోవాలి. కాలిపోయాక పట్టుకుంటే లాభం లేదు. నష్టం జరగకముందే జాగ్రత్త పడాలని దీని అర్థం.

అభ్యాసం

అ. పూర్తి వాక్యాలలో జవాబులు రాయండి.
1. నీళ్ళలో ఫాస్ఫేట్ పెరిగితే చేపలకు ఏమవుతుంది?
2. యల్లాప్రగడ సుబ్బారావు ఎక్కడ పుట్టారు? ఆయన పేరుతో ఉన్న పద్ధతి ఏమిటి?
3. పులుసు ఉదాహరణతో తాతయ్య ఏం చెప్పదలచుకున్నారు?

ఆ. ఖాళీలు పూరించండి.
1. లేక్ లేనియర్ ________ నది మీద ఉంది.
2. ఫాస్ఫేట్ ఉంటే ________ రంగు వస్తుంది.

ఇ. లెక్క చేయండి.
24 మంది పిల్లలు 10 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు పరీక్ష చేస్తే ఎంత వ్యర్థం వస్తుంది? 4 మిల్లీలీటర్లతో చేస్తే ఎంత తగ్గుతుంది?

ఈ. మాట్లాడండి.
మీ ఇంట్లో కుళాయి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? సింక్‌లో పోసినవి ఎక్కడికి పోతాయి? అమ్మానాన్నలను అడిగి, వచ్చే తరగతిలో ఐదు వాక్యాలు తెలుగులో చెప్పండి.