అప్పు తరుగుట కంటికి కానరావలెను
(ఋణము తీర్చుకొను కుటుంబములకు ఒక పాఠము)

వైనతేయ గోదావరి ఒడ్డున, మామిడికుదురు మండలములో నున్న అప్పనపల్లి గ్రామము బాలబాలాజీ స్వామి ఆలయము వలన పేరు పొందినది. ఒక కొబ్బరి వర్తకుని ఆవరణలో చిన్నగా మొదలైన పూజ నేడు పెద్ద ఆలయమై వెలసినది. ఈ ప్రాంతపు జీవనము నేటికిని చాలవరకు కొబ్బరి చెట్టును ఆశ్రయించియే యున్నది. తోట గల రైతు, చెట్టెక్కి కాయలు దింపు కార్మికుడు, కాయ ఒలుచు కూలి, పీచు పని చేయు స్త్రీ - అందరి అన్నమును ఆ చెట్టు మీదనే యున్నది. కాయ ధర పెరిగిన నెలలో చేతిలో నాలుగు రూపాయలాడును. ధర పడిన నెలలో కిరాణా కొట్టు పుస్తకమున పద్దు పెరుగును. గోదావరికి వరద వచ్చి కాజ్‌వే మునిగిన దినములలో పనికి పోవుటయే దుర్లభము. రాబడి యిట్లు హెచ్చుతగ్గులుగా నుండగా, అప్పు కిస్తు మాత్రము నెలనెలా ఒకే తీరున వచ్చి గుమ్మమున నిలుచును.

ఇది ఒక ఊరి కథ కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వము జరిపిన వ్యవసాయ కుటుంబముల సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబములు అప్పులో నుండెను. కుటుంబమునకు సగటు బాకీ రూ. 2,45,554, దేశములో ఇదియే అన్నిటికంటె ఎక్కువ. దేశపు సగటు రూ. 74,121 మాత్రమే. కావున అప్పు ఉండుట సిగ్గుపడి దాచుకొనవలసిన విషయము కాదు. ఆలోచించి తీర్చుకొనవలసిన విషయము.

ధైర్యము ఎక్కడ జారిపోవును?

అప్పు తీర్చవలెనను సంకల్పము లేని యిల్లు లేదు. మొదటి రెండు నెలలు అందరును పట్టుదలతో ఖర్చు తగ్గింతురు. నాలుగవ నెలకో, అయిదవ నెలకో మనస్సు సడలును. "ఎంత కట్టినను తీరునది కాదు" అను మాట ఇంటిలో వినబడును. ఆ మాట వెనుకనే క్రొత్త అప్పు వచ్చును.

దీనికి కారణము సోమరితనము కాదు. చేతినుండి పోవు రూపాయి కంటికి కనబడును. తరుగుచున్న అప్పు కనబడదు. కడుపు కట్టుకొనుట ప్రతిదినము తెలియుచుండును. దాని ఫలము ఎక్కడనో ఇతరుల పుస్తకములో వ్రాయబడియుండును. కొబ్బరి పూగెల విచ్చిన పిదప కాయ పండుటకు సుమారు ఒక సంవత్సరము పట్టును. రైతు అంతకాలము ఓపిక పట్టుచున్నాడన్నచో, పిందె కాయగుట అతనికి చెట్టుమీద కనబడుచుండుటయే కారణము. అప్పు తీర్చు కుటుంబమునకును అట్టి చూపు కావలెను. అది ఏర్పరచుకొనుటయే ఈ పాఠము.

మొదటి పని: పద్దు వ్రాయుట

ఒక నోటు పుస్తకము తీసుకొని, భార్యాభర్తలిరువురును కూర్చుండి, ఉన్న అప్పులన్నియు వ్రాయవలెను. ఎవరికి, అసలు ఎంత, వడ్డీ ఎంత, నెలకు కట్టవలసినదెంత - ఈ నాలుగును ఉండవలెను. ఒకరికి తెలియకుండ మరియొకరు చేసిన చేబదులు కూడ ఈ పుటకెక్కవలెను. దాచిన అప్పు లెక్కనే కాక, ఇంటిలోని నమ్మకమును కూడ చెరచును.

ఉదాహరణకు ఒక కుటుంబమును ఊహింతము. భర్త కొబ్బరి దింపు కార్మికుడు. భార్య డ్వాక్రా సంఘ సభ్యురాలు. వారి బాకీలు ఇవి:

కిరాణా కొట్టు ఖాతా - రూ. 4,000, వడ్డీ లేదు.
బంధువు నొద్ద చేబదులు - రూ. 6,000, వడ్డీ లేదు.
ప్రామిసరీ నోటు - రూ. 30,000, నూటికి నెలకు 3 రూపాయలు. నెలకు వడ్డీ రూ. 900.
బంగారము తాకట్టు - రూ. 40,000, నూటికి నెలకు 1 రూపాయి. నెలకు వడ్డీ రూ. 400.
సంఘపు అప్పు - రూ. 50,000, నూటికి నెలకు 1 రూపాయి. వడ్డీతో కలిపి నెల కిస్తు రూ. 2,500.

మొత్తము బాకీ రూ. 1,30,000. ఇంటి ఖర్చు పోను నెలకు రూ. 5,500 అప్పులకు తీయగలరనుకొందము. సంఘపు కిస్తు, రెండు వడ్డీలు కలిసి రూ. 3,800 అగును. మిగిలినది రూ. 1,700. ఈ కుటుంబమును ఒడ్డు చేర్చునది ఆ 1,700 రూపాయలే.

ఏ అప్పు ముందు?

లెక్క ప్రకారము వడ్డీ ఎక్కువగల నోటునే ముందు తీర్చవలెను. అట్లు చేసినచో నోటు, చేబదులు, కిరాణా ఖాతా మూడును 19వ నెలలో తీరును. అట్లు కాక చిన్న బాకీలు రెండును ముందు తీర్చి, పిదప నోటు పట్టినచో 21వ నెల వరకు పట్టును, సుమారు రూ. 5,300 అదనముగా పోవును.

ఐనను మనిషి మనస్సు కేవలము లెక్కను బట్టి నడువదు. 2019లో ప్రచురింపబడిన ఒక పరిశోధన ఈ విషయమున గమనింపదగినది. సింగపూరులో ఒక సేవాసంస్థ పేద కుటుంబముల పాతబాకీలను తీర్చగా, వారి ఆందోళన తగ్గి, ఆలోచనాశక్తి మెరుగుపడెను. తీరిన సొమ్ము ఎంత యనుదాని కంటె, ఎన్ని బాకీలు పూర్తిగా తీరినవనునదే ఎక్కువ ప్రభావము చూపెను. ఒక్కొక్క బాకీయు మనస్సులో ఒక్కొక్క ముల్లు. ఒకటి తీసివేసిన, అంత మేరకు ఊపిరి తిరుగును.

కావున మధ్యమార్గము మంచిది. మొదట కిరాణా ఖాతా ఒక్కటి తీర్చవలెను. అది మూడవ నెలలోనే తీరును. ఖాతా యున్నవాడు ఆ కొట్టులోనే, వారు చెప్పిన ధరకే కొనవలసి యుండును. బాకీ తీరిననాడు బేరమాడు స్వాతంత్ర్యము వచ్చును. పిదప నోటు పట్టవలెను. చేబదులిచ్చిన బంధువును తప్పించుకొని తిరుగక, ఎదుటకు పోయి "నోటు తీరిన వెంటనే మీది" అని గడువు చెప్పవలెను. ఈ వరుసలో మూడు బాకీలును 20వ నెలలో తీరును. లెక్క ప్రకారపు దారి కంటె అదనముగా పోవునది సుమారు రూ. 2,100. అది ధైర్యమునకిచ్చిన వెల యని భావింపవచ్చును.

ఒక నియమము మాత్రము తప్పరాదు. ఒక బాకీ తీరిన పిదప దానికి కట్టుచున్న సొమ్ము ఇంటి ఖర్చులో కలువరాదు. తరువాతి బాకీకి మరలవలెను. అట్లు నడచినచో మన ఉదాహరణములోని కుటుంబమునకు సంఘపు అప్పు 23వ నెలలో తీరును. 29వ నెలలో తాకట్టు నగ ఇల్లు చేరును. లక్షా ముప్పది వేల రూపాయల బాకీ రెండున్నర సంవత్సరములలోపున ముగియును.

గోడమీద గెల

నోటు పట్టిన నాలుగవ నెలలో కట్టిన 2,600 రూపాయలలో 867 వడ్డీకే పోవును. అసలు 1,733 మాత్రమే తగ్గును. పదకొండవ నెలలో అవే 2,600 రూపాయలలో వడ్డీ 469. అసలు తగ్గునది 2,131. కట్టు సొమ్ము మారలేదు. దాని బలము పెరిగినది. ఈ మార్పు ఋణదాత పుస్తకములో మాత్రమే యున్నచో కుటుంబమునకు ఉత్సాహమెట్లు కలుగును?

కనుక ఇంటి గోడమీద ఒక కాగితము అంటించి, దానిపై ముప్పది కాయల కొబ్బరి గెలను గీయవలెను. ఒక్కొక్క కాయ నోటు అసలులో వేయి రూపాయలు. అసలు వేయి తగ్గినప్పుడెల్ల ఒక కాయకు రంగు వేయవలెను. ఆ పని ఇంటిలోని పిల్లలకు అప్పగించిన మరింత మేలు. మొదట నెలకు ఒకటి, రెండు కాయలు. చివరకు కొన్ని నెలలలో మూడేసి కాయలు. అడిగిన వస్తువు కొనియీయలేదని అలిగిన బిడ్డకును ఎందుకు కొనలేదో ఆ గెల చెప్పును.

సొమ్ము చెల్లించినప్పుడెల్ల నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనవలెను. పూర్తిగా తీరిననాడు నోటును తిరిగి చేత పుచ్చుకొనక ఇంటికి రాకూడదు.

వరద నెల, పండుగ నెల

చాల కుటుంబముల పట్టుదల చెడునది రెండు సమయములలో. ఒకటి పని లేని నెల. రెండవది పండుగ నెల.

పని లేని నెలకు ముందుగనే ఒక గీత గీచుకొనవలెను. మన ఉదాహరణలో ఆ గీత రూ. 3,800. అంత మాత్రము కట్టగలిగినను ఏ బాకీయు పెరుగదు. ఆ నెల గెలకు రంగు పడకపోవచ్చును. ఐనను అది ఓటమి కాదు, నిలకడ. ఆ గీతయైనను దాటుటకు, కాయ ధర బాగున్న నెలలో వచ్చిన అధికములో సగము అప్పునకు, సగము వరద నెలకు తీసి సంఘపు పొదుపులో నుంచవలెను. 1990వ దశకమున నెల్లూరు జిల్లా స్త్రీలు పొదుపులక్ష్మి పేరిట దినమునకు ఒక్క రూపాయి కూడబెట్టిరి. ఆ రూపాయి చిన్నదే. కాని ఆపద వేళ పరుల వాకిట నిలువనక్కరలేదను ధీమా దాని నుండియే మొదలైనది.

సంక్రాంతికి కూతురు, అల్లుడు వత్తురు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు పిల్లలు పోవుదుమందురు. వీనిని పూర్తిగా మానుమనుట న్యాయము కాదు. ఏ సంతోషమును లేని పొదుపు ఎక్కువకాలము నిలువదు. ఇంటి ఖర్చులోనే నెలకు రూ. 150 వేరుగా తీసినచో సంవత్సరమునకు రూ. 1,800 అగును. పండుగ ఆ సొమ్ములోనే జరుగవలెను. కోడిపందెములో ఒక్క పూట పోవు సొమ్ము గెలలో ఎన్ని కాయలకు సమానమో పందెమునకు పోవు ముందే లెక్కించుకొనుట మంచిది.

అప్పుతో అప్పు తీర్చుట

2010లో మన రాష్ట్రము పెద్ద గుణపాఠము నేర్చినది. సూక్ష్మఋణ సంస్థలు వారపు కిస్తుల మీద అప్పులిచ్చెను. ఒక సంస్థ కిస్తు కట్టుటకు మరియొక సంస్థ నొద్ద అప్పు తెచ్చిన కుటుంబములు చిక్కులలో పడెను; ప్రాణములు కోల్పోయినవారును కలరు. నాటి ప్రభుత్వము 2010 అక్టోబరు 15న ఆర్డినెన్సు తెచ్చి, బలవంతపు వసూళ్లను నిషేధించెను. అసలును మించి వడ్డీ వసూలు చేయరాదని కూడ ఆదేశించెను.

అధిక వడ్డీ నోటును తక్కువ వడ్డీ అప్పుతో మార్చుకొనుట వేరు. కిస్తు కొరకు క్రొత్త అప్పు తెచ్చుట వేరు. సంఘము ద్వారా, లేక 2011లో ఏర్పడిన స్త్రీనిధి ద్వారా నూటికి ఒక రూపాయి వడ్డీకి అప్పు దొరకినచో, ముప్పదివేల నోటుపై నెలకు రూ. 600 మిగులును. ఐతే ఆ సొమ్ముతో నోటు ఆ దినముననే తీరవలెను. సెల్‌ఫోనులో నిమిషములలో అప్పిత్తుమను యాప్‌ల జోలికి పోరాదు. అట్టి మోసమునకు గురియైనవారు 1930 నంబరుకు ఫోను చేయవచ్చును.

రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిలు 1 నుండి అమలుపరచిన నియమముల ప్రకారము, సూక్ష్మఋణము తీసుకొనిన కుటుంబపు నెలసరి అప్పు చెల్లింపులన్నియు కలిసి ఆ కుటుంబపు నెల ఆదాయములో సగమునకు మించరాదు. ఉదయము 9 గంటలకు ముందు, సాయంత్రము 6 గంటల తరువాత వసూలుకై ఫోను చేసి వేధింపరాదు. అట్టి అప్పును గడువుకు ముందే తీర్చినను జరిమానా లేదు. అప్పు తీసుకొనినవాడు బాకీదారుడే గాని బానిస కాడు.

తుదిమాట

అప్పు భారము మనస్సును క్రుంగదీసి నిద్ర పట్టని రాత్రి రావచ్చును. ఆ రాత్రి ఒంటరిగా కూర్చుండరాదు. ఇంటివారితోనో, సంఘములోని తోటివారితోనో మాటలాడవలెను. 14416 నంబరునకు ఫోను చేసినచో టెలీమానస్ సలహాదారులు తెలుగులోనే, ఖర్చు లేకుండ మాటలాడుదురు. బాకీ ఎంతదైనను ప్రాణము కంటె పెద్దది కాదు.

ఈ నెల మొదటి ఆదివారము సాయంకాలము దీపము పెట్టిన పిదప నోటు పుస్తకము తెరువుడు. అప్పులన్నియు వ్రాయుడు. గోడమీద గెల గీయుడు. నెలకొక్కసారి అదే దినమున ఇంటిల్లపాదియు కూర్చుండి ఎన్ని కాయలకు రంగు పడినదో చూచుకొనుడు. అసలు తరుగుట కన్నులార చూచుచున్న ఇంటికి "ఎంత కట్టినను తీరునది కాదు" అను మాటతో పనియుండదు.