బలం పెంచిన టర్బో కారుకు ఏ క్లచ్, ఏ ఫ్లైవీల్? - ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 2015 నాటి సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ కారుకు ఈసీయూ ట్యూనింగ్ చేయించాక, నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోంది గాని కారు వేగం అందుకోవడం లేదు. 400 హార్స్‌పవర్‌కు తగినదని అమ్ముతున్న క్లచ్ వేయిస్తే సరిపోతుందా? (డాలస్)

జవాబు: ఇది క్లచ్ జారుతోందనడానికి స్పష్టమైన గుర్తు. కింది గేర్లలో ఇంజిన్ వేగం త్వరత్వరగా పెరిగిపోవడం వల్ల టర్బో పూర్తి బూస్టు అందుకునేలోపే గేరు మారిపోతుంది. పై గేర్లలో మాత్రం కారు బరువు, గాలి నిరోధం ఇంజిన్‌ను ఎక్కువసేపు నిలవరిస్తాయి కనుక క్లచ్ బలహీనత అక్కడే ముందుగా బయటపడుతుంది.

అయితే హార్స్‌పవర్ అంకెను చూసి క్లచ్ ఎంచుకోవడం సరికాదు. క్లచ్ మోయవలసింది టార్క్‌ను, అంటే క్రాంక్‌షాఫ్ట్‌ను తిప్పే మెలికబలాన్ని. ఆ టార్క్‌ను ఇంజిన్ వేగంతో హెచ్చవేస్తే వచ్చేదే హార్స్‌పవర్. అమెరికాలో అమ్మిన ఆ నమూనాలోని 2.5 లీటర్ల ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం వద్ద 305 హార్స్‌పవర్, 4,000 వద్ద సుమారు 393 న్యూటన్-మీటర్ల టార్క్ ఇస్తుంది. హార్స్‌పవర్ గరిష్ఠానికి చేరిన 6,000 వద్ద లెక్కకడితే టార్క్ 360 దరిదాపులకు దిగివస్తుంది. కాబట్టి క్లచ్‌కు అసలు పరీక్ష ఎర్రగీత దగ్గర కాదు, బూస్టు ఒక్కసారిగా వచ్చిపడే మధ్య వేగాల్లో. ట్యూనింగ్ తరువాత టార్క్ 500 న్యూటన్-మీటర్లకు చేరిందనుకుంటే, దానికి ఇరవై ముప్పై శాతం అదనంగా, అంటే 600 నుంచి 650 వరకు మోయగల క్లచ్ చాలు.

ప్రశ్న: "స్టేజ్ 1", "స్టేజ్ 3" అనే పేర్లకు అర్థమేమిటి? సిరామిక్ క్లచ్ అన్నిటికన్నా మేలైనదా?

జవాబు: స్టేజ్ అనేది ప్రమాణం కాదు, ఏ కంపెనీ వరుస ఆ కంపెనీదే, కనుక ఒకరి మూడో స్టేజ్‌ను మరొకరి మూడో స్టేజ్‌తో పోల్చడానికి వీల్లేదు. చూడవలసింది క్లచ్ పట్టును నిర్ణయించే నాలుగు అంశాలను: ప్రెషర్ ప్లేట్ నొక్కే బలం, క్లచ్ ప్లేటు మీది పదార్థపు ఘర్షణ గుణకం, ఆ పదార్థం కేంద్రం నుంచి ఎంత దూరాన ఉన్నది, రాపిడి పడే ముఖాలెన్ని. వీటిలో మూడోది గేర్‌బాక్సు గూడు కొలతకు లోబడి ఉంటుంది కనుక పెంచుకోగలిగినవి మిగిలిన మూడే. ప్రతిదానికీ ఏదో ఒక మూల్యం ఉన్నది.

నొక్కే బలాన్ని పెంచితే పెడల్ బరువెక్కుతుంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ క్లచ్‌ను విడిపించే బలం క్రాంక్‌షాఫ్ట్‌ను దాని అక్షం వెంట నెట్టి, ఆ కదలికను ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. ఘర్షణ పదార్థాల్లో ఆర్గానిక్ అన్నది నారలు, రెసిన్ కలిపి అచ్చుపోసినది; మెత్తగా పట్టుకుంటుంది గాని బాగా వేడెక్కితే పట్టు కోల్పోతుంది. కెవ్లార్ ఎక్కువకాలం మన్నుతుంది గాని ఓపికగా అలవాటు చేయాలి. లోహపు పొడిని, సిరామిక్‌ను కలిపి తయారుచేసిన సెరామెటాలిక్ (మీరడిగిన సిరామిక్ ఇదే) వేడికి తట్టుకుంటుంది, దాని ఘర్షణ గుణకమూ ఎక్కువే. అయితే అది పట్టుకున్నదంటే ఒక్కసారిగా పట్టుకుంటుంది, హాఫ్ క్లచ్‌లో కారు వణుకుతుంది, ట్రాఫిక్‌లో రోజూ గంటసేపు నడపవలసిన కారుకు అది శిక్షే.

నాలుగు చక్రాలకూ శక్తి అందే సుబారులో మరొక చిక్కున్నది. రెండు చక్రాలకే శక్తి అందే కారులో క్లచ్‌ను గబుక్కున వదిలితే టైర్లు జారి ఆ దెబ్బను కొంత భరిస్తాయి; ఇక్కడ నాలుగు టైర్లూ నేలను పట్టుకొని ఉండటం వల్ల జారగలిగినది క్లచ్ ఒక్కటే అవుతుంది. దానిని కూడా జారనివ్వకపోవడం ఇంట్లో ఫ్యూజు స్థానంలో మందపాటి రాగి తీగ కట్టడం వంటిది: దెబ్బ నేరుగా గేరు పళ్లకు, యాక్సిళ్లకు తగులుతుంది. అందువల్ల రోడ్డు మీద తిరిగే కారుకు, కావలసిన టార్క్‌ను మోయగలిగినంత వరకు, స్ప్రింగుల హబ్ ఉన్న పూర్తి ముఖపు ఆర్గానిక్ ప్లేటు, కాస్త గట్టి ప్రెషర్ ప్లేటుల జోడీయే ఉత్తమం. టార్క్ అంతకు మించితే, రెండు ప్లేట్లతో రాపిడి ముఖాలను నాలుగుకు పెంచే ట్విన్ డిస్క్ వైపు వెళ్లడం సిరామిక్ కన్నా మర్యాదైన దారి. ధర మాత్రం మర్యాదగా ఉండదు.

ప్రశ్న: తేలిక ఫ్లైవీల్ వేస్తే హార్స్‌పవర్ పెరుగుతుందా?

జవాబు: పెరగదు, ఇంజిన్ తన్ను తాను వేగవంతం చేసుకోవడానికి ఖర్చుచేసే టార్క్ తగ్గుతుంది. భ్రమణ వేగంలో మార్పును ఎదిరించే గుణాన్ని జడత్వ భ్రామకం అంటారు. అది బరువు మీదా, ఆ బరువు కేంద్రానికి ఎంత దూరాన ఉన్నదన్న దాని వర్గం మీదా ఆధారపడుతుంది. 28 సెంటీమీటర్ల వ్యాసం గల 10 కిలోల సమమైన చక్రానికి బదులు అదే వ్యాసంతో 5 కిలోల చక్రం పెట్టారనుకుంటే, మొత్తం గేరు నిష్పత్తి 14 ఉండే మొదటి గేరులో ఆ తేడా కారు బరువు సుమారు 94 కిలోలు తగ్గినంత ఫలితమిస్తుంది. నిష్పత్తి 3 ఉండే ఆరో గేరులో అది నాలుగు కిలోలకు కాస్త పైమాటే. అంటే లాభమంతా కింది గేర్లలోనే, నష్టమూ అక్కడే: చక్రంలో నిలవ ఉండే శక్తి తగ్గడం వల్ల ఎత్తు మీద బయలుదేరేటప్పుడు ఇంజిన్ ఆగిపోవడం మొదలవుతుంది. కొన్ని కార్లలో క్రాంక్‌షాఫ్ట్ వేగంలోని చిన్న ఒడిదుడుకులను ఈసీయూ మిస్‌ఫైర్‌గా పొరబడి డాష్‌బోర్డులో దీపం కూడా వెలిగిస్తుంది.

పాత పోత ఇనుము ఫ్లైవీల్‌నే లేత్ మీద చెక్కించి తేలిక చేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు. తిరిగే చక్రంలోని ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కనుక 7,000 ఆర్‌పీఎం వద్ద అది 3,500 వద్ద ఉన్నదానికి నాలుగింతలు. పగిలిన ముక్క గేర్‌బాక్సు గూటిని చీల్చుకొని బయటికి రాగలదు. ఫోర్జ్ చేసిన ఉక్కుతో గాని, ఉక్కు ముఖం బిగించిన అల్యూమినియంతో గాని తయారై, ఎస్‌ఎఫ్‌ఐ ఫౌండేషన్ 1.1 ప్రమాణాన్ని పొందినది కొనాలి.

ప్రశ్న: గోల్ఫ్ జీటీఐలోని డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసేసి ఒంటి చక్రం వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. డ్యూయల్ మాస్ అంటే స్ప్రింగులతో కలిపిన రెండు చక్రాలు. ఇంజిన్ కుదుపులు గేర్‌బాక్సును చేరకుండా ఆపడమే వాటి పని. ఒంటి చక్రం వేస్తే, కారు న్యూట్రల్‌లో నిలిచి ఉన్నప్పుడు గేరు పళ్లు గలగలమంటాయి. అది లోపం కాదు, కానీ దానికి అలవాటుపడలేనివారు ఆ మార్పు జోలికి పోకపోవడమే మంచిది.

ప్రశ్న: కొత్త క్లచ్‌ను ఎలా అలవాటు చేయాలి?

జవాబు: సుమారు 800 కిలోమీటర్ల పాటు బూస్టు వాడకుండా, ఆగుతూ సాగే ఊరి ప్రయాణాల్లో నడపాలి; పెడల్ తొక్కని హైవే కిలోమీటర్లు ఈ లెక్కలోకి రావు. ఖర్చులో పెద్ద భాగం గేర్‌బాక్సు దించే కూలిదే కనుక, దించిన అదే రోజున రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, క్రాంక్‌షాఫ్ట్ వెనుక ఆయిల్ సీలు కూడా మార్పించాలి. ఆ సీలు నుంచి కారే నూనె కొత్త ప్లేటు మీద పడితే, ఎంత ఖరీదైన క్లచ్ అయినా జారుతుంది.